రాళ్లలో ఇరుక్కున్న లంగరు ఊడాలంటే పైకట్టు ఏ తాడుతో వేయాలి?

విశాఖ తీరానికి ఎదురుగా రాతి గుట్టల మీద గాలం వేస్తున్నాం. లోతు 35 మీటర్లు. 22 అడుగుల ఫైబర్ బోటు, 9.9 హెచ్‌పీ ఇంజన్. నాలుగు కొక్కేల ఇనుప లంగరు 8 కిలోలు, దానికి 4 మీటర్ల గొలుసు, 12 ఎం.ఎం. నైలాన్ తాడు 110 మీటర్లు.

లంగరు రాళ్లలో ఇరుక్కుంటోంది. అందుకే గొలుసును లంగరు అడుగు రింగుకి బిగించి, కాడ వెంట పైకి తెచ్చి, పై రింగుకి సన్న తాడుతో కట్టాం. ఇరుక్కున్నప్పుడు గట్టిగా లాగితే ఆ పైకట్టు తెగి, లంగరు తలకిందులుగా ఊడి రావాలి.

మొదట 1 ఎం.ఎం. తంగూసు (గాలానికి వాడే నైలాన్ దారం) రెండు చుట్లు వేశాం. ఉదయం 5:30 నుంచి బాగానే ఆగింది. 9 దాటాక గాలి సముద్రం వైపు నుంచి తిరగ్గానే బోటు అటు తిరిగి, అల కుదుపుకి కట్టు తెగిపోయింది. బోటు గుట్ట మీంచి కొట్టుకుపోయింది. తర్వాత 4 ఎం.ఎం. నైలాన్ మూడు చుట్లు వేస్తే అసలు తెగలేదు. తాడుని ముందు కొయ్యకి చుట్టి ఇంజన్‌తో ఎదురు దిశలో లాగినా కదల్లేదు, ముక్కు నీళ్లలోకి దిగడం మొదలైంది. ఇక లాగడం ప్రమాదమని తాడు కోసేశాం. లంగరు, గొలుసు రెండూ పోయాయి. 5 ఎం.ఎం. ప్లాస్టిక్ టై ఒకటి వేసి చూస్తే అది మొదటి పెద్ద అలకే పోయింది.

కుదుపు తగ్గడానికి లంగరు తాడు పొడవు పెంచితే బోటు చేపలున్న చోటికి దూరంగా జరుగుతుంది, కాబట్టి అది కుదరదు.

ఈ బరువు బోటుకి, అలల కుదుపుకి ఆగుతూ ఇంజన్ లాగుడికి మాత్రం తెగేలా, పైకట్టు ఏ తాడుతో, ఎన్ని చుట్లు వేయాలి?