ఆటవెలది సమస్య: నమ్మకమె కపటికి నామమయ్యె

సమస్య ఇచ్చినవారు (సత్యనారాయణపురం, విజయవాడ):
ఈ వారం నాలుగో పాదం ఇస్తున్నాను, మిగతా మూడూ మీవి.

నమ్మకమె కపటికి నామమయ్యె

ఇంగ్లీషులో మోసగాణ్ణి కాన్‌మ్యాన్ అంటారు. ఆ కాన్ అన్నది కాన్ఫిడెన్స్‌కు ముక్క. దాని లాటిన్ మూలానికి అర్థం పూర్తిగా నమ్మడం. 1849లో న్యూయార్క్‌లో విలియం థాంప్సన్ అనేవాడు దారినపోయే పెద్దమనుషుల్ని పలకరించి, రేపటిదాకా మీ వాచీ ఇచ్చేంత నమ్మకం నామీద ఉందా అని అడిగేవాడట. ఇచ్చేవారు! పట్టుబడ్డాక పత్రిక వాణ్ణి కాన్ఫిడెన్స్ మ్యాన్ అని రాసింది. మనం నమ్మించి గొంతు కోశాడంటాం. అక్కడ ఆ నమ్మకమే వాడి పేరైంది.

మా అమ్మ చీటీ పుస్తకం నా దగ్గరే ఉంది. నెలకొకటి చొప్పున పదహారు పెన్సిల్ టిక్కులు. పదిహేడో నెల చీటీలావిడ ఇంటికి తాళం. అందుకే ఈ మాట నన్ను పట్టుకుంది.

పటమట సభ్యుడు:
వాచి నిచ్చి రేపు వరకు నమ్మఁగలవె
యనుచు దొరల నడిగి యపహరించి
జైలు కేగినట్టి చతురునిఁ బట్టియే
నమ్మకమె కపటికి నామమయ్యె

సమస్య ఇచ్చినవారు:
నడక బాగుంది బాబూ. జై, చ యతి సరిపోయింది. కానీ 'అపహరించి' దగ్గర కథ తప్పింది. వాడు లాక్కోలేదు, వాళ్ళే విప్పి చేతిలో పెట్టారు. 'యందుకొన్న' అని చూడండి, గణం చెడదు.

పటమట సభ్యుడు:
నిజమే మాస్టారూ, మార్చుకున్నాను.

గుంటూరు, బ్రాడీపేట సభ్యురాలు:
మిర్చి యార్డులోన మీవాఁడ నేనంచు
రైతు సరకు నెత్తి రాత్రి వెడలె
నగదు లేదు వాని నంబరు కలవదు
నమ్మకమె కపటికి నామమయ్యె

సమస్య ఇచ్చినవారు:
'నంబరు కలవదు' చదవగానే ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డ రైతు కనిపించాడు తల్లీ. అయితే మూడో పాదం నుంచి నాలుగోదానికి వంతెన లేదు. నామం ఎందుకు వచ్చిందో పద్యం చెప్పాలి.

గుంటూరు, అరండల్‌పేట సభ్యుడు:
మాస్టారూ, నామమంటే పేరొక్కటేనా? పంగనామం ఉంది కదా!

తాను పెట్టుకోఁడు తనవారి కిడఁబోఁడు
మంది నుదుట దిద్దు మాయగాఁడు
తెల్లవారి చూడఁ దెల్లఁబోవఁగ జనుల్
నమ్మకమె కపటికి నామమయ్యె

బ్రాడీపేట సభ్యురాలు:
అన్నయ్యా, నేను వెతికిన వంతెన ఇదే.

సమస్య ఇచ్చినవారు:
ఇచ్చినప్పుడు నాకు పేరే తోచింది, ఈ అర్థం తట్టనే లేదు. తెల్లవారడం, తెల్లబోవడం రెండూ చెప్పి, నుదుటి మీది తెలుపును చెప్పకుండానే చూపించారు. ఈ వారానికి నాకు నచ్చిన పూరణ ఇదే.