కళాయి వేయించడం, కళాయిలో వేయించడం

పోయిన ఆదివారం ఎర్రగడ్డ సంతలో ఒక పాత ఇత్తడి గిన్నె కొన్నాను. అంచు మీద చుక్కలు చుక్కలుగా ఎవరిదో పేరు కొట్టి ఉంది. పాత వంట సామాను ఏరుకొచ్చే అలవాటు నాకు ఎప్పటినుంచో ఉంది గానీ, పేరున్న గిన్నె దొరికితే ఆ సంతోషమే వేరు. అమ్మినాయన “కళాయి పోయిందమ్మా, వేయించుకోండి” అన్నాడు. పక్కనున్న మా అమ్మాయి “కళాయి ఎలా పోయింది? దీంతో పాటు అదీ రావాలా?” అని అడిగింది. మా ఇంట్లో కళాయి అంటే కూరలు వేపుకునే మూకుడు మరి. ఆయన అన్నది గిన్నె లోపల వేసే తగరం పూత గురించి.

ఈ రెండు కళాయిలూ ఒకటేనా? పూతని బట్టే పాత్రకి ఆ పేరొచ్చిందా?

జవాబు: మా గుంటూరు వైపు రెండింటినీ కళాయే అంటామండి. చిన్నప్పుడు “గిన్నెలకి మాట్లు వేస్తాం, కళాయి వేస్తాం” అని కేకేస్తూ వీధిలోకి వచ్చేవారు. నేలలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊదుతూ గిన్నె కాల్చేవారు. నవసాగరం అనే ఉప్పు చల్లగానే తెల్లటి పొగ గుప్పుమనేది. తగరం కడ్డీ తాకించి గుడ్డతో గబగబా తుడిస్తే లోపలంతా వెండిలా మెరిసేది. కళ్ళార్పకుండా చూసేవాళ్ళం. అలా పూత వేసిన గిన్నెనే క్రమంగా కళాయి అన్నారేమో.

జవాబు: నాకు అలా అనిపించడం లేదండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ మూకుడుని మంట మీద మరిచిపోతే ఆ వేడి ఇట్టే దాటిపోతుంది. అందుకే మా ఇంట్లో వేపుళ్ళకి ఇనప మూకుడు, పులుసుకీ చారుకీ కళాయి వేసిన ఇత్తడి గిన్నె. ఆ పూత నిలవని పాత్రకే పూత పేరు ఎలా వస్తుంది? పూత పేరు అరబ్బీ మాట. అక్కడ ఖలయీ అంటే తగరం. ఫార్సీ, ఉర్దూల మీదుగా మనకి చేరింది. పాత్ర పేరుకి మూలం సంస్కృత కటాహం. అదే హిందీలో కడాహీ, కడాయి. మన నోట ‘డ’ కాస్తా ‘ళ’ అయిందనుకుంటాను. ఎక్కడెక్కడినుంచో వచ్చిన రెండు మాటలు మన వంటింట్లో ఒకే రూపంలో కలిశాయి.

ఎంత బాగా విడదీశారండీ! మీరు చెప్పాక ‘వేయించు’ కూడా అలాంటిదేనని తట్టింది. కళాయి వేయించడంలో ఉన్నది ‘వేయు’. కళాయిలో వేయించడంలో ఉన్నది ‘వేగు’. వేగించడమే వేయించడం అయింది. మా అమ్మాయికి ఈ రెండు జంటలూ కాగితం మీద రాసి చూపించాను.

గిన్నెకి పూత పడేదాకా చింతపండు పులుసు పొయ్యను, చిలుము దిగుతుంది. ఇంకో సంగతి, మా అత్తగారు ‘కళాయి పూయించడం’ అంటారు. మీలో అలా అనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఏ ఊరు?