ప్రభుత్వ భూమిలో గోల్ఫ్ కోర్సు కడితే గేటు ఎవరికి తెరవాలి?

ఎమ్మార్‌పల్లి వాసి:
పొద్దున తిరుపతిలో యూనివర్సిటీ గ్రౌండులో నడుస్తుంటే మాలో మాట వచ్చింది. రేణిగుంట ఎయిర్‌పోర్టు వైపు ప్రభుత్వం భూమి ఇచ్చి గోల్ఫ్ కోర్సు కట్టిస్తే, దర్శనం చేసుకుని అదే రోజు వెళ్లిపోయేవాళ్లు ఇంకో రోజు ఉంటారని ఒకాయన అన్నారు. ప్రభుత్వ భూమి డబ్బున్నోళ్ల ఆటకెందుకని ఇంకొకాయన లేచారు. 18 హోల్స్ (బంతి వేసే గుంతలు) ఉన్న కోర్సంటే వంద ఎకరాల పైమాటే. అంత భూమి ఇస్తే క్లబ్బు చేతిలో పెట్టాలా, ఊరి చేతిలో ఉంచాలా?

కరకంబాడి రోడ్డు:
క్లబ్బుకే ఇవ్వాలి. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829 నుంచి, బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876 నుంచి నడుస్తున్నాయంటే సభ్యులు తమ డబ్బు పెట్టుకోబట్టే. గడ్డి కోయాలి, తడపాలి, మనుషులకు జీతాలివ్వాలి. మా వీధి పార్కులో ఊయల గొలుసు తెగితే ఆరు నెలలు అలాగే వేలాడింది. వంద ఎకరాలు ఎవరు చూస్తారు?

చంద్రగిరి కుర్రోడు:
అన్నా, నేను వేరే రాష్ట్రంలో రెండేళ్లు క్యాడీగా, అంటే ఆడేవాళ్ల బ్యాగు మోసే పనిలో ఉన్నాను. బ్యాగు పట్టీ ఒరుసుకుని కుడి భుజం మీద నల్లబడిన మచ్చ ఇంకా ఉంది. ఐదున్నరకల్లా వెనక గేటు దగ్గర నిలబడేవాళ్లం. ఒకసారి మా నాయన వచ్చి, నేను పనిచేసే చోటు చూస్తానన్నాడు. సెక్యూరిటీ వాళ్లు లోపలికి రానివ్వలేదు. కంచె కమ్మీలు పట్టుకుని చాలాసేపు చూసి, "ఇంత గడ్డి ఉంది, ఒక్క ఆవన్నా లేదేంరా" అన్నాడు. అది సర్కారు లీజు భూమి అని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి నాకు ఈ ప్రశ్న ఉంది.

భూమి ఎవరిది అనేది ఒక మాట, లోపలికి ఎవరు పోవచ్చు అనేది ఇంకో మాట. ఈ రెండూ కలిపేస్తున్నాం. ఢిల్లీనే చూడండి. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ ఉండేది ప్రభుత్వం లీజుకిచ్చిన భూమిలో, కానీ అది సభ్యుల క్లబ్బు, మెంబర్‌షిప్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. అదే ఊర్లో కుతుబ్ గోల్ఫ్ కోర్సును డీడీఏ (ఢిల్లీ అభివృద్ధి సంస్థ) కట్టి 2000లో తెరిచింది. మెంబరు కాకపోయినా ఫీజు కట్టి ఆడుకోవచ్చు. రెండూ ప్రజల భూములే, గేట్లే వేరు.

స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు పేరు వినే ఉంటారు. అది ఊరి ఉమ్మడి ఆస్తి, ఒక ట్రస్టు నడుపుతుంది. టీ టైం, అంటే ఆట మొదలుపెట్టే సమయం, కోసం పేర్లిస్తే లాటరీ తీస్తారు. మన ఆర్జిత సేవల లక్కీ డిప్ లాంటిదే. మామూలుగా ఆదివారం అక్కడ ఆట ఉండదు. ఆ రోజు ఊరివాళ్లు పిల్లల్నీ కుక్కల్నీ తీసుకుని ఆ గడ్డి మీదే నడుస్తారు. అమెరికాలో బెత్‌పేజ్ బ్లాక్ కోర్సు న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వానిది. 2002లో యూఎస్ ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ అక్కడ జరిగింది. ఆ రాష్ట్రం వాళ్లకు ఫీజు తక్కువ, బయటివాళ్లకు ఎక్కువ. టీ టైం దొరకాలని రాత్రంతా కారులోనే పడుకుంటారు. ఉచిత టోకెన్ల కోసం విష్ణునివాసం దగ్గర తెల్లవార్లూ కూర్చునే జనాన్ని చూసే మనకు ఇది కొత్తేమీ కాదు.

అమెరికాలోనే ఆగస్టా నేషనల్ అనే గోల్ఫ్ క్లబ్బు 2012 దాకా ఒక్క మహిళను కూడా మెంబరుగా తీసుకోలేదు. అది తప్పే. అయినా అది వాళ్ల సొంత భూమి. ప్రజల భూమి తీసుకుని అట్లా చేస్తేనే నా గొడవ.

కరకంబాడి రోడ్డు:
తమ్ముడూ, నాయన సంగతి చదివి మనసు బాధపడింది. కానీ అందరికీ అని బోర్డు పెట్టినంత మాత్రాన ఏమవుతుంది? కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్‌లో ఎవరైనా ఆడొచ్చు, మెంబర్‌షిప్ అక్కర్లేదు. ఒకసారి ఆడటానికి కట్టే గ్రీన్ ఫీజు మాత్రం 500 డాలర్లు దాటింది. అది కూడా కంచె లాంటిదే కదా! సగం దారి మేలు: పొద్దున సభ్యులకు, మధ్యాహ్నం నుంచి ఫీజు కట్టేవాళ్లకు. సభ్యుల డబ్బుతో నిర్వహణ గడుస్తుంది.

తిరుచానూరు అక్క:
గేటు సంగతి తర్వాత. నీళ్లెక్కడివి? కళ్యాణి డ్యాం అడుగంటిన ఏడు మా వీధిలో ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసపెట్టి కూర్చున్నాం. మురుగునీరు శుద్ధి చేసి ఆ నీళ్లే వాడతామని లీజులో రాస్తే మాట్లాడదాం. తాగునీళ్లు పోస్తామంటే క్లబ్బుకైనా ఊరికైనా నేను ఒప్పుకోను.

చంద్రగిరి కుర్రోడు:
అక్కా, నీ మాట మొదటి షరతుగా పెట్టాలి. 9 హోల్స్ చాలు, భూమీ నీళ్లూ సగానికి సగం తగ్గుతాయి. అన్న చెప్పిన సగం దారికి నేనూ సరే అంటాను, మూడు మాటలు లీజు కాగితంలో ఉంటే: ఊరివాళ్లకు తక్కువ ఫీజు, క్యాడీలకు ఆడుకునే హక్కు, వారానికి ఒకరోజు ఆట ఆపి జనాన్ని నడవనివ్వడం.

కరకంబాడి రోడ్డు:
మొదటి రెండూ సరే. ఆదివారం ఆపితే వచ్చే ఆదాయమంతా పోతుంది. మంగళవారం పెట్టు.

చంద్రగిరి కుర్రోడు:
మంగళవారం పనికి పోయేవాళ్లు ఎట్లా వస్తారన్నా? ఆదివారమే.