సమస్య: "పాడలేని వారి పాట గెలిచె" (ఆటవెలది)

పృచ్ఛకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి, విడ్డూరంగా కనిపించే ఈ మాటకు అర్థం కుదర్చాలి:

*పాడలేని వారి పాట గెలిచె*

వస్తువు: సినిమా అవార్డుల సభలో సంగీత చిత్రాలకు పట్టం, వేదిక మీద ప్రత్యక్ష గానం. నమూనాగా 2013 ఫిబ్రవరి 24న లాస్ ఏంజెలెస్ డాల్బీ థియేటర్‌లో జరిగిన 85వ ఆస్కార్ సభను తీసుకోండి. ఆ రాత్రి 'షికాగో' పాటతో కేథరిన్ జీటా-జోన్స్, 'డ్రీమ్‌గర్ల్స్' పాటతో జెన్నిఫర్ హడ్సన్, ఆ తర్వాత 'లె మిజరాబ్ల' నటబృందమంతా వేదికెక్కారు. మన 'నాటు నాటు' దాకా రావచ్చు, అడ్డు లేదు.

కొత్తవారికి: లఘువు అంటే తేలిక అక్షరం, గురువు అంటే బరువైన అక్షరం, గణం అంటే వాటి కూర్పు. సూర్యగణం అంటే గురువు-లఘువు, లేదా మూడు లఘువులు. ఇంద్రగణాలు నగ, నల, సల, భ, ర, త అని ఆరు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి (పాదం మొదటి అక్షరంతో ధ్వని పొసగడం) నాలుగో గణం మొదటి అక్షరానికి. ఇచ్చిన పాదంలో పాడ, లేని, వారి, పాట, గెలిచె అని ఐదు గణాలు, యతి పా–పా. ఇచ్చిన పాదంలో అక్షరం మార్చకూడదు. దానికి ముందు ఏం తగిలించినా మీ ఇష్టం, అసలు కీలకం అక్కడే ఉంది.

తెరచాటు:

*తెరను పెదవి కదిపె, తెరవెన్క నొక గొంతు*
*పాడి వెళ్ళె, పేరు పడక యెందు;*
*ఎనిమిదాస్కరులట, యేమి చిత్రమొ గాని*
*పాడలేని వారి పాట గెలిచె!*

'మై ఫెయిర్ లేడీ' సంగతి. తెర మీద ఆడ్రీ హెప్‌బర్న్, పాటల్లో ఎక్కువ భాగం నేపథ్య గాయని మార్నీ నిక్సన్ గొంతు.

గణగణ:
గణాలు, యతులు శుద్ధం. "ఏమి చిత్రమొ" దగ్గర శ్లేష బాగా పండింది, వింతా అదే, సినిమా అదే. అభ్యంతరం "పాడలేని" దగ్గరే. హెప్‌బర్న్ ఆ పాటలు పాడి రికార్డు చేశారు, తర్వాత చాలావరకు మార్చేశారు. పాడలేకపోవడం వేరు, పాడింది వాడకపోవడం వేరు. ఇంకొకటి, ఆ ఎనిమిదిలో ఉత్తమ గీతం లేదు. ఆ పాటలు రంగస్థలం నుంచి వచ్చినవి. ఆ విభాగానికి సినిమా కోసమే కొత్తగా రాసిన పాట కావాలి. "గెలిచె"కు సినిమా గెలిచిందనే అర్థం చెప్పుకోవాలి.

అదే చిత్రంలో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. రెక్స్ హారిసన్ తన పాటలు సెట్ మీదే పాడారు, టైలో దాచిన వైర్‌లెస్ మైకుతో. ఉత్తమ నటుడు ఆయనే, ఉత్తమ శబ్దం అవార్డూ ఆ చిత్రానిదే.

తెరచాటు:
ఆ లెక్కన 2013 సభలోనూ అంతే కదా? హడ్సన్ పాడిన పాట రంగస్థలానిదే, దానికి గీతం అవార్డు వచ్చే వీలే లేదు.

గణగణ:
అవును. 'లె మిజరాబ్ల' కోసం కొత్తగా రాసిన పాటొకటి పోటీలో ఉంది, అది 'స్కైఫాల్' చేతిలో ఓడింది. కాబట్టి ఈ వస్తువు ఎత్తుకున్నవారు "పాట గెలిచె" దగ్గర ఒక్క క్షణం ఆగి, గెలిచింది ఏదో చూసుకోవాలి.

విరుపు:

*కురులు తరిగి యేడ్చి కూతురిన్ దలచుచు*
*చెవిని పియనొ మోగ సెట్టు నందె*
*పాడినట్టి తల్లి, పాపనే తుదకు కా-*
*పాడలేని వారి పాట గెలిచె!*

పృచ్ఛకుడు:
దీనికోసమే ఎదురుచూస్తున్నా. మూడో పాదం చివర "కా" పెట్టి "కాపాడలేని" అని విరవడంతో సమస్యలోని వైరుధ్యం మాయమైంది. "తుదకు కా" మూడు లఘువులు, ఒక గురువు, అంటే నగము, ఇంద్రగణమే. రెండో పాదంలో చె–సె యతి చెల్లుతుంది.

గణగణ:
చెవిలో పియానో మాట నిజం. పద్యం 'లె మిజరాబ్ల' గురించి, ఆ చిత్రంలో నటులు షూటింగులోనే పాడారు. చెవిలో చిన్న ఇయర్‌పీసు, పక్కన ఎక్కడో పియానో వాయించేవారు నటి ఊపిరిని పట్టుకుని నడిచారు. వాద్యబృందాన్ని తర్వాత రికార్డు చేశారు. ముందు రికార్డు చేసిన ట్రాక్‌కు పెదవి కలిపితే నటికి ఏడవాలనుకున్న చోట ఆగడం కుదరదు, ట్రాక్ ఆగదు గనక. ఇక్కడ పాటే ఆమె కోసం ఆగింది. ఆ తల్లి పాత్ర వేసిన ఆన్ హాతవేకు ఉత్తమ సహాయనటి, చిత్రానికి సౌండ్ మిక్సింగ్ అవార్డు ఆ రాత్రే వచ్చాయి.

కానీ కథలో పాప బతుకుతుంది, పోయేది తల్లి. "పాపనే" తప్పు. "పాపము! తనను కా-" అంటే సరిపోతుంది, "పాపము" భగణం (గురువు, రెండు లఘువులు), యతి పా–పా అలాగే ఉంటుంది.

విరుపు:
మార్చాను. *పాడినట్టి తల్లి, పాపము! తనను కా-* ఇప్పుడు ఇంకా నొప్పిగా ఉంది. "తల్లి" ఏకవచనం, "వారి" బహువచనం అంటారేమో, గౌరవార్థమని ముందే చెప్పేస్తున్నా.

గణగణ:
ఒప్పుకోక తప్పేదేముంది, పాదం మార్చడానికి లేదు గదా!

చిందు:

*నాటు నాటు పాట ఆస్కారు వేదికన్*
*కాలభైరవుండు గళము కలిపె*
*చరణు తారకులకు స్వరమిచ్చి రిర్వురు*
*పాడలేని వారి పాట గెలిచె!*

గణగణ:
మూడో పాదం చక్కగా ఉంది, చ–స్వ యతి కూడా. మొదటి పాదంలో రెండు దోషాలు. నా–ఆ యతి చెల్లదు. "పాట ఆస్కారు" విసంధి (సంధి లేక అచ్చు విడిగా మిగలడం), మధ్యలో యకారం రావాలి. పైగా కాలభైరవ గళం ఎవరితో కలిపారో లేదు. 2023 మార్చి 12న ఆ వేదిక మీద పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఇద్దరూ. ఇలా చూడండి:

*నాటు నాటు పాడె నాడు రాహులు పొంగి*

మూడు సూర్యగణాలు, "నాడురా" రగణం (గురువు, లఘువు, గురువు), "హులుపొంగి" సలము (రెండు లఘువులు, గురువు, లఘువు).

ఇక అర్థం. ఎన్టీఆర్‌ను "పాడలేని వారు" అంటే అభిమానులు ఊరుకోరు, న్యాయమూ కాదు. 'నాన్నకు ప్రేమతో'లో ఆయన పాడారు. "ఆ పాట పాడని వారు" అనాలి, అది మన పాదంలో పట్టదు.

చిందు:
మొదటి పాదం తీసుకుంటున్నా. అర్థం దగ్గర ఇరుక్కున్నా, వదిలేస్తున్నా.

కొత్తపూరణ:
రెండో పాదం ఒక్కటే చూడండి: *మైకు పట్టుకుని మరీ పాడిరట*

గణగణ:
మైకు, పట్టు, కునిమ, అక్కడిదాకా సరే. తర్వాత "రీపా" రెండు గురువులు, సూర్యగణంలో పట్టవు. *మైకు పట్టి గొంతు మరల విప్పె* అనండి.

సౌండుబల్ల:

*వేదికందు లేరు, వీనులందున్నారు*
*మైలు దూరమందు మందిరమున,*
*గాజుతీగ వెంట గాలికన్నను ముందె*
*పాడలేని వారి పాట గెలిచె!*

పాడలేని వారంటే వాద్యకారులు. 2013 సభలో ఆర్కెస్ట్రా థియేటర్‌లో లేదు. దాదాపు మైలు దూరంలో క్యాపిటల్ రికార్డ్స్ భవనంలోని స్టూడియోలో కూర్చుని వాయించారు, ఆ సంగీతం ఫైబర్ (గాజు) తీగలో ఇటు వచ్చింది.

పృచ్ఛకుడు:
నా ఓటు దీనికే. మొదటి పాదం విడిగా కూడా నిలబడుతుంది. "గాలికన్నను ముందె" అతిశయోక్తా, నిజమా?

సౌండుబల్ల:
నిజమే, తక్కువే చెప్పాను. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, మైలుకు నాలుగున్నర సెకన్లు దాటుతుంది. ఫైబర్‌లో వెలుగుకు అదే దూరం సెకనులో లక్షో వంతు కూడా పట్టదు. ఆలస్యం వచ్చేది తీగ వల్ల కాదు. శబ్దాన్ని అంకెలుగా మార్చి మళ్ళీ శబ్దం చేసే పెట్టెల దగ్గర, ఒక్కోదానికి ఒకటి రెండు మిల్లీసెకన్లు. అవన్నీ పేరుకుని 20, 30 దాటితే గాయని తాళం వెనక్కి లాగుతుంది. వేదికకు 10 మీటర్ల దూరంలోని స్పీకర్‌ను నమ్ముకున్నా అంతే, దానికే సుమారు 29 మిల్లీసెకన్లు. అందుకే చెవిలో మానిటర్ (వాద్యం వినిపించే ఇయర్‌పీసు) తప్పదు.

అసలు చిక్కు బొమ్మతో. కండక్టర్ వేదికను తెర మీద చూస్తాడు. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్క ఫ్రేము ఆలస్యమే 33 మిల్లీసెకన్లు. ఆయన గాయని పెదవిని చూసి చేయి ఊపితే, ఆమె వాద్యం విని ఆగుతుంది, ఆయన ఇంకా ఆగుతాడు, పాట అంతకంతకూ నెమ్మదించిపోతుంది. కాబట్టి కండక్టర్ బొమ్మను మొదలుకూ ముగింపుకూ మాత్రమే వాడుకోవాలి. మధ్యలో ఆయన చెవిలో ఆమె గొంతు, ఇద్దరికీ క్లిక్ (తాళం కొలిచే టిక్ టిక్ శబ్దం).

గణగణ:
ఛందస్సులో లోపం లేదు. "మందిరమున" అంటే గుడిలో భజన అనిపిస్తోంది. *మైలు దూరమందు మరొక గదిని*?

సౌండుబల్ల:
మై–మ యతి కూడా నిలిచింది. మార్చేశా.