అప్‌డేట్: అమ్మ కీళ్లవాతానికి టీకా ఉందా అని అడిగాను కదా

మాది పాలకొండ. పొద్దున్నే అమ్మ వేళ్లు బిగుసుకుపోతున్నాయి, కీళ్లవాతం తగ్గించే టీకా వచ్చిందట, నిజమేనా అని సంక్రాంతికి ముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ దండాలు.

యాంటీ సీసీపీ పరీక్ష (కీళ్లవాతాన్ని గుర్తించడానికి చేసే రక్తపరీక్ష) చేయించమన్న సలహాయే దారి చూపింది. పాజిటివ్ వచ్చింది. యూరిక్ యాసిడ్‌కీ దీనికీ సంబంధమే లేదు. యూరిక్ యాసిడ్ వల్లే నొప్పులనుకుని పప్పు మానిపించి అమ్మను ఊరికే బాధపెట్టాం.

టీకా ఇంకా మార్కెట్లోకి రాలేదని విశాఖలో రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు) చెప్పారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్లు రోగి రక్తం నుంచే డెండ్రైటిక్ కణాలు (దేని మీద దాడి చేయాలో, దేన్ని వదిలేయాలో రోగనిరోధక వ్యవస్థకి చెప్పే కణాలు) తయారుచేసి, వాటికి సిట్రులినేటెడ్ పెప్టైడ్లు (ఈ జబ్బులో ఒళ్లు శత్రువులని పొరబడే ప్రోటీన్ ముక్కలు) పట్టించి, తిరిగి ఒంట్లోకి ఎక్కించారు. సొంత కీళ్ల మీద పడొద్దని రోగనిరోధక వ్యవస్థకి నేర్పడమన్నమాట. 2015లో వచ్చిన ఆ ఫలితాలు టీకా వేసిన 18 మందివే, అదీ తొలి దశ. నాకైతే గట్టి ఆశే కలిగింది.

అమ్మకి ఇప్పుడు మెథోట్రెక్సేట్ అనే కీళ్లవాతం మందు, వారానికి ఒక్కసారే (పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదకొస్తుంది), తోడుగా ఫోలిక్ యాసిడ్. మూడు నెలలైంది. నిన్న తన చీర తనే పిండి ఆరేసుకుంది.