దుబాయ్‌లో పెరిగిన పిల్లలకు అమెరికా డిగ్రీ అడ్మిషన్లలో 'డైవర్సిటీ' కలిసొస్తుందా?

దుబాయ్_నాన్న:
మా అమ్మాయి దుబాయ్‌లో పుట్టింది, ఎనిమిదో తరగతి దాకా అక్కడే చదివింది. ఇప్పుడు హైదరాబాద్‌లో సీబీఎస్ఈ పదకొండు. భారత పాస్‌పోర్ట్. తెలుగు, హిందీ వచ్చు, అరబిక్ చదవగలదు. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో డైవర్సిటీ (రకరకాల నేపథ్యాల వాళ్లకు చోటివ్వడం) అన్నదే పోయిందని ఒకరంటారు, దుబాయ్ సంగతి రాస్తే సీటు ఖాయమని ఇంకొకరు. ఏది నమ్మాలి? ఏడాదికి 25 వేల డాలర్లకు మించి పెట్టలేం.

ఫైళ్ల_పురుగు:
రెండూ నమ్మకండి. 2023 జూన్ 29 నాటి తీర్పు హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో వచ్చింది. జాతి గడిలో టిక్కు చూసి మొగ్గు చూపొద్దంది. ఆ నేపథ్యం తన జీవితాన్ని ఎలా మలిచిందో వ్యాసంలో రాస్తే చదవొచ్చని ఆ తీర్పులోనే ఉంది. మీ అమ్మాయికి దీంతో పెద్దగా పనిలేదు. ఆమెది 'ఇంటర్నేషనల్', అంటే విదేశీ విద్యార్థుల వరుస, కాలేజీ లెక్కల్లో అది జాతుల వరుసలకు విడిగా ఉంటుంది.

అసలు చిక్కు వేరే. ట్రాన్‌స్క్రిప్ట్ (స్కూలు పంపే మార్కుల పత్రం) తొమ్మిదో తరగతి నుంచి మొదలవుతుంది కాబట్టి దుబాయ్ చదువు అందులో కనపడనే కనపడదు. దరఖాస్తు ఫైళ్లను చాలాచోట్ల స్కూలు ఉన్న ప్రాంతాన్ని బట్టి చదివేవారికి పంచుతారు. అంటే ఆమెను పోల్చేది హైదరాబాద్ పిల్లలతోనే, ఆ గుంపు చిన్నదేం కాదు. దుబాయ్ కనపడేది పుట్టిన దేశం, భాషల గళ్లు, వ్యాసం, ఈ మూడు చోట్లే.

లెక్కల_మాస్టారు:
పై మాట నిజమే గానీ, మీ కేసును తేల్చేది డబ్బండీ. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటింది. ఆర్థిక సాయం అడిగినా అడ్మిషన్‌లో దాన్ని పట్టించుకోనివి విదేశీ విద్యార్థులకు కొన్నే: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్‌స్ట్, డార్ట్‌మత్, బోడిన్, బ్రౌన్ లాంటివి. మిగతా చాలా కాలేజీల్లో సాయం కావాలనగానే పోటీ బిగుసుకుంటుంది. ముందు వద్దని చెప్పి, సీటొచ్చాక అడుగుదాం అనుకోకండి. చాలాచోట్ల తర్వాత అడగనివ్వరు.

కాలేజీ పేరుతో 'కామన్ డేటా సెట్' (కాలేజీ తన లెక్కలు బయటపెట్టే పత్రం) అని వెతికి పీడీఎఫ్ తెరవండి. అందులో హెచ్6 అనే భాగంలో ఎంతమంది విదేశీయులకు సాయం ఇచ్చారో, సగటున ఎంతో ఉంటుంది. బీ2 భాగంలో మొత్తం విదేశీయులెందరో చూడండి. ఉదాహరణకు 400 మందిలో 40 మందికే, సగటున 60 వేల డాలర్లు ఇచ్చారనుకోండి: ఇచ్చినప్పుడు బాగానే ఇస్తారు గానీ పదిమందిలో ఒకరికే. హెచ్6 ఖాళీగా ఉంటే ఆ కాలేజీని నమ్ముకుని దరఖాస్తు చేయకండి.

ఎర్ర_పెన్ను:
వ్యాసం గురించి. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పంపే వెబ్‌సైట్) 650 పదాల దాకా రాయొచ్చు. "నేను రెండు సంస్కృతుల మధ్య వారధిని" అని మొదలెడితే చదివేవారికి అక్కడే ఆసక్తి పోతుంది, అలాంటివి కుప్పలు వస్తాయి. దేశాల పేర్లు చెప్పకుండా పని చూపించాలి. కరీంనగర్ నుంచి వచ్చిన కార్మికుడికి క్లినిక్‌లో అరబిక్ మందు చీటీ తెలుగులో చెబుతూ 'పరగడుపున' అనే అర్థమున్న మాట దగ్గర తడుముకోవడం, అది జరిగుంటే ఒక పేరా చాలు. జరగకపోతే అల్లొద్దు. టీచర్ రాసే రికమెండేషన్‌లో గానీ యాక్టివిటీల్లో గానీ దాని ఛాయే లేకపోతే అనుమానం వస్తుంది.

భాషల దగ్గర మాట్లాడటం, చదవడం, రాయడం, ఇంట్లో వాడటం వేర్వేరు గళ్లు. అరబిక్‌కు 'చదవడం' ఒక్కటే టిక్కు పెట్టించండి.

న్యూజెర్సీ_అత్త:
మా వాడు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఇక్కడే హైస్కూలు. వాడూ ఇంటర్నేషనలేనా?

లెక్కల_మాస్టారు:
మార్కులను చూసేది మీ స్కూలు పిల్లల పక్కన పెట్టి, సాయం దగ్గర మాత్రం మామూలుగా విదేశీ లెక్కే అండీ. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం వచ్చినంత మాత్రాన కుదరదు, ఫెడరల్ సాయానికి గ్రీన్‌కార్డు చేతికి రావాలి. హైదరాబాద్‌లో చదివే అమెరికా పౌరుడైన పిల్లాడిది తలకిందుల లెక్క: ఫైలు ఇండియా గుంపులో చదువుతారు, ఫాఫ్సా (ఫెడరల్ సాయానికి దరఖాస్తు ఫారం) మాత్రం నింపొచ్చు. ఫారంలో పౌరసత్వం గడి తప్పుగా నింపితే సాయం ఫైలు ఆగిపోతుంది, పంపేముందు పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని సరిచూడండి.