ఎంబీబీఎస్‌కు టిబిలిసి: పోయేలోపు జార్జియన్ ఎంత నేర్వాలి?

ప్రశ్న (నల్లగొండ):
క్లాసులు ఇంగ్లీషులోనే. కానీ మొదటి ఏడాది జార్జియన్ భాష కూడా ఒక సబ్జెక్టు, తర్వాత వార్డులో రోగులతో మాట్లాడాలి. రెండు నెలల టైముంది. అక్షరాలు తెలుగులో రాసుకుని బట్టీ పడితే నడుస్తదా అన్నా?

జవాబు 1:
నడవదు తమ్మీ. లిపే ముందు నేర్చుకో. 33 అక్షరాలు, ఒక్కోదానికి ఒకే ధ్వని, గుణింతాలు లేవు, ఒత్తులు లేవు. రోజుకు ఐదు రాస్తే వారంలో అయిపోతది. తెలుగులో రాసుకుంటే 'ఫ' దగ్గరే దెబ్బ తింటావు. మనం దాన్ని 'ఫ్యాను'లో లాగా పలుకుతాం, జార్జియన్‌లో ఆ ధ్వనే లేదు. వాళ్లది ప మీద గాలి ఒత్తి పలికేది.

త, ప, క ఒక్కోటి రెండు రకాలు: గాలి వదిలేది, గొంతు బిగించి పలికేది. మన మామూలు 'త' వాళ్లకు రెండో రకంలాగే వినబడుతది, కాబట్టి దానితో పెద్ద బాధ లేదు. కష్టమంతా గాలి వదిలేదానితోనే, ఎందుకంటే 'థ' అని రాసినా మనం నోటితో ఒత్తి పలకం. అరచెయ్యి నోటి ముందు పెట్టి 'థావి మ్‌త్కివ' (తల నొస్తుంది) అను. 'థా'కు గాలి చేతికి తగలాలి, 'త్కి'కి తగలొద్దు.

జవాబు 2 (పాలమూరు):
వ్యాకరణంలో మనకు లాభముంది. 'నాకు కడుపు నొస్తుంది' అన్నట్టే వాళ్లూ 'ముత్సెలి మ్‌త్కివ' అంటరు. ముందున్న 'మ్' అంటే నాకు, 'గ్' అంటే నీకు. 'నాన్నకు కడుపు నొస్తుంది' అంటే 'మామస్ ముత్సెలి స్‌త్కివ'. మామ అంటే అక్కడ నాన్న, చివరి 'స్' మన 'కు'. పెద్దవాళ్లను 'సద్ గ్‌త్కివథ్?' (మీకు ఎక్కడ నొస్తుంది?) అని అడగాలి. చివరి 'థ్' మింగితే 'నీకు' అన్నట్టయితది, వార్డులో అది తప్పు.

తడబడేది గతకాలంలో. డాక్టరు రాస్తున్నాడు: 'ఎఖిమి త్సెర్స్'. రాశాడు: 'ఎఖిమ్మ దాత్సెర'. కర్తకు 'మ' వచ్చి చేరింది చూడు. అందుకే క్రియను ఒంటిగా కాదు, కర్తతో కలిపి వాక్యంగానే నేర్చుకో.

జవాబు 3:
అంకెలు వదలొద్దు, లెక్క ఇరవైల మీద నడుస్తది. 40 'ఓర్మోత్సి' (రెండు ఇరవైలు), 80 'ఓథ్ఖ్‌మోత్సి' (నాలుగు ఇరవైలు), 90 అంటే 80, దాని మీద 10: 'ఓథ్ఖ్‌మోత్స్‌దాఅథి'. బీపీ చెబుతుంటే మొదటి ముక్క వినగానే 80 అని రాసేస్తరు, వెనక 'దా' వస్తదేమో ఆగి వినాలి. 120కి 'అసోత్సి'.